విద్యావతి చివరి చరణం

నాంపల్లి స్టేషన్ ఎదురు గల్లీలో, మూడో అంతస్తు గదిలో ఉండే విద్యావతిని పేరు పెట్టి పిలిచే మనిషి ఎవరూ మిగల్లేదు. అన్న పోయి ఆరేళ్ళు. పాలవాడికి అమ్మ, కింద జిరాక్స్ షాపతనికి ఆంటీ, ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన బళ్ళో పాటల టీచర్. పేరుతో పనేముంది, ఆధార్ కార్డు మీద ఉంటే చాలదా అనుకుంటారు జనం. ఆమె అట్లా అనుకోలేదు.

చిన్నప్పుడు వాళ్ళ ఇల్లు ఆబిడ్స్‌లో ఒక సినిమా టాకీసు వెనక గోడకు ఆనుకొని ఉండేది. ఇటు గురువుగారు వర్ణం చెప్తుంటే, అటు గోడలోంచి సినిమా పాట దూరేది. రెండూ ఒకే చెవిలో పడ్డాయి, ఒకే గొంతులోంచి వచ్చాయి. ఇరవై ఏళ్ళకు మొదటి కీర్తన కట్టి పాడితే గురువుగారు తంబూరా పక్కన పెట్టి, "ఇది కీర్తన కాదమ్మా, బరాత్ బ్యాండు" అన్నారు. పెళ్ళి బ్యాండువాడు ఊదేది కూడా స్వరాలే కదా! ఆయనకు చెప్పేదెవరు? ఆమె మాత్రం మానలేదు. నలభై కట్టింది. రాగం ఎక్కడా తప్పదు, నడకలో మాత్రం టాకీసు గోడ వినిపిస్తుంది. సంగీత సభలవాళ్ళు ఒక్కదాన్నీ వేదిక ఎక్కనివ్వలేదు.

మొన్న శనివారం ఒకటి ఎక్కింది. శిష్యురాలు వైశాలి తన కచేరీలో ఒకటి పాడతానన్నది. కీర్తన కట్టినవాళ్ళు చివరి చరణంలో తమ పేరు పెట్టుకుంటారు. ఆ పేరు ఒక్కసారి మైకులో వినాలని విద్యావతి పట్టుచీర కట్టుకొని పోయి నాలుగో వరసలో కూర్చుంది.

పల్లవికే హాలు ఊగింది. మృదంగమాయన నవ్వుకుంటూ వాయించాడు. అనుపల్లవి అయ్యింది. అంతలో సభ కార్యదర్శి గోపాలరావు తెర పక్క నుంచి చేతి గడియారం చూపించాడు. వైశాలి చరణం వదిలేసి మంగళం అందుకుంది.

పక్క కుర్చీలో పెద్దమనిషి చప్పట్లు కొడుతూ, "పాతకాలంది గదమ్మా! ఇప్పటోళ్ళకు గిట్ల కట్టనొస్తదా?" అన్నాడు.

"ఔ, పాతదే," అన్నది విద్యావతి. "కట్టినామె ఇంకా సావలేదు."

ఆయన జోకనుకొని నవ్వాడు.

మెట్ల దగ్గర వైశాలి కాళ్ళు మొక్కింది. "టైం లేకుండె టీచర్. సార్ సైగ చేసిండు. ఏమనుకోకుండ్రి."

"మొదట్ల సభోళ్ళను పొగడనీకి నీకు ఐదు నిమిషాలు దొరికినయ్. నా పేరుకు అర నిమిషం దొరకలేదాయె?"

వైశాలి కోసం ఆగిన కారు హారన్ కొట్టింది. ఆమె ఎక్కి పోయింది.

విద్యావతి నడుచుకుంటూ వచ్చింది. మొజంజాహీ మార్కెట్ దగ్గర జనం కుటుంబాలు కుటుంబాలుగా నిలబడి ఐస్‌క్రీం తింటున్నారు. ఒక్క మనిషికి ఐస్‌క్రీమేందని ముందుకు నడిచింది.

గదికొచ్చి, చీరైనా మార్చకుండా కీర్తనల నోట్‌బుక్ తీసింది. చరణంలోని పేరును పెన్సిలుతో కొట్టేసి, తెచ్చి పల్లవి మొదట్లో పెట్టింది. "ఇప్పుడు తీసేయిండ్రి, చూస్త," అన్నది గోడతో.

తర్వాత పాడుకుంది. పల్లవిని ఒక్కసారి పాడి ఊరుకోరు కదా, తిప్పి తిప్పి పాడాలి. "విద్యావతీ" అన్నది. ఇంకో తీరుగా మళ్ళీ "విద్యావతీ" అన్నది. మూడోసారికి, ఎవరో పిలిచినట్టు, తలుపు వైపు చూసింది.