మూసుకోని నెర్రె

రాజుపాలెం చుట్టుపక్కల కాలువ తవ్వాలన్నా, పైపులు పూడ్చాలన్నా నతానియేలు మేస్త్రి రావాల్సిందే. ముప్పయ్యేళ్లుగా నల్లరేగడితోనే ఆయన కాపురం. పిడికెడు మట్టి నలిపి, గట్టు ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పేవాడు. చెప్పడమేంటి, మీసం దువ్వి మరీ చెప్పేవాడు. ఆ గొప్పే కొంప ముంచింది.

పోయిన జూన్‌లో ప్రొద్దుటూరు దారి పక్కన నీళ్ల పైపుల కోసం నిలువెత్తు గుంత తవ్వుతున్నారు. గోడలు నిట్టనిలువు. తవ్విన మట్టిని దూరం మోయించకుండా అంచునే కుప్ప పోయించాడు మేస్త్రి. ముందురోజు మంచి వాన కురిసింది. పొద్దున గుంతలోకి దిగబోతూ నిర్మల ఆగిపోయింది. ఆమెది ఆయన కూలిజట్టే, ఇద్దరూ వెళ్లేది ఒకే చర్చికి.

"మామా, వానకు చేలో పగిలిన నెర్రెలన్నీ మూసుకున్యాయి. గట్టెంబడి ఈ నెర్రె ఒక్కటే మూసుకోలా. సూడు, చెయ్యి పడతాండాది."

నతానియేలు చూశాడు. ముఖం మారిపోయింది. కానీ జట్టంతా తనవైపే చూస్తోంది మరి! నవ్వేశాడు.

"రేగడన్నాక నెర్రె ఉండక ఏముంటాది పాపా? నాకే మట్టి సంగతి నేర్పిస్తాండావా? దిగు, దిగు!"

అందరూ గొల్లుమన్నారు. పాపం నిర్మల, తలొంచుకుని దిగింది. గంట తిరక్కుండానే గట్టు కుప్పతో సహా జారి ఆమెను నడుం దాకా కప్పేసింది. దిగడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. నతానియేలే దూకి, గోళ్లూడేలా చేతులతో తోడి బయటికి లాగాడు. ప్రాణం దక్కింది కానీ కుడికాలు రెండుచోట్ల విరిగింది.

"దేవుడు పంపినట్ల దూకినావప్పా" అని ఊరంతా మెచ్చుకుంటుంటే ఆయనకు చచ్చేంత సిగ్గు. అన్నం సయించేది కాదు. నిజం చెబితే ముప్పయ్యేళ్ల పేరు పోతుంది. చెప్పకుంటే ఈ పొగడ్తలు వింటూ చావాలి.

నెల తర్వాత ఒక ఆదివారం పాస్టరయ్య ఆయన్ను, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమని పిలిచాడు. ముందు వరసలో నిర్మల, కట్టుకట్టిన కాలు బెంచీ మీద చాపుకుని కూర్చుంది.

"నేనేం కాపాడలేదు," అన్నాడు నతానియేలు. "నావల్లనే పడింది ఆ గట్టు."

"ఎంత తగ్గింపు మనసో చూడండి! దేవునికి స్తోత్రం!" అన్నాడు పాస్టరయ్య. జనం చప్పట్లు కొట్టారు.

నతానియేలు గొంతు పెంచాడు.

"తగ్గింపు కాదయ్యా! నెర్రె సూపించింది ఈ పాప. అది జారే నెర్రె అని సూడంగానే తెలిసింది నాకు. ఆడమనిషి చెప్తే పని ఆపినాడంటారని, నవ్వి దింపినా."

చప్పట్లు ఆగిపోయాయి. నిర్మల ఆయన్నే చూస్తోంది.

"ఆ పొద్దే నీ మొగం మారింది సూసినా మామా," అంది మెల్లగా. "సూసి గూడా దిగినా. అందరూ నవ్వుతాంటే నాకూ సిగ్గయింది."

వెనక బెంచీలో జట్టువాళ్లెవరూ తలెత్తలేదు.