మార్జిన్‌లో మూడు బాణాలు

ముప్పై ఏళ్లు దాటింది. ఇంతకాలం నేను మోస్తున్నది పెద్ద మూటేమీ కాదు. ఒక్క మాట. "లేదు" అన్న మాట. ఒక ముసలాయన నన్ను నమ్మి ఒక ప్రశ్న అడిగాడు. జవాబు నా కళ్ల ముందే ఉండగా నేను లేదన్నాను. ఈ సంగతి మా ఆయనకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. పోనీ గుడికి వెళ్లినప్పుడు దేవుడికైనా చెప్పుకున్నానా అంటే, అక్కడా పిల్లల పరీక్షల గురించి మొక్కుకుని వచ్చేశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

తొంభైల మొదట్లో మేము మెల్‌బోర్న్‌లో, క్లేటన్‌లో ఉండేవాళ్లం. మా ఆయన అక్కడి యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తుండేవాడు. పెళ్లయిన ఏడాదికి నేనూ వెళ్లాను. పొద్దున్నే ఆయన ల్యాబ్‌కి వెళ్లిపోతే సాయంత్రం దాకా ఆ అద్దె ఇంట్లో గోడలకు నేను, నాకు గోడలు. బీఏ చదివినదాన్నే. ఇంగ్లీషు పుస్తకం ఇస్తే చదువుతాను, మనిషి ఎదురుపడితే మాత్రం మాట పెగిలేది కాదు.

ఒకరోజు పెరట్లో బట్టలు ఆరేస్తుంటే కంచె అవతల గరాజ్‌లోంచి గొలుసు తిరిగే చప్పుడు వినిపించింది. తొంగి చూశాను. డెబ్భై దాటిన ముసలాయన నిక్కరు వేసుకుని, నెత్తిన టోపీ పెట్టుకుని చెమటలు కక్కుతూ సైకిల్ తొక్కుతున్నాడు. సైకిల్ మాత్రం అంగుళం కదలడం లేదు. వెనక చక్రం ఇనప స్టాండుకు బిగించి ఉంది. నాకు నవ్వాగలేదు.

"ఎవరమ్మా నవ్వేది? ఇప్పుడే కెర్రీ దాటి వచ్చాను నేను," అన్నాడు ఇటు తిరగకుండానే.

ఆయన పేరు మిస్టర్ డోలన్. ఐర్లండ్ నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. పేరు పెట్టి పిలవమన్నాడు. మా నాన్నకంటే పెద్దవాణ్ని పేరు పెట్టి ఎలా పిలుస్తాను? అంకుల్ అన్నాను. ఆ పిలుపు ఆయనకు భలే నచ్చింది. భార్య నోరా పోయి అప్పటికి ఏడాది. ఒక్కతే కూతురు, దేశానికి ఆ చివర పెర్త్‌లో ఉండేది. ఆయన కళ్లలో చూపు మధ్యభాగం పోయింది. "రోడ్డు అంచులు కనిపిస్తాయి, రోడ్డే కనిపించదు," అనేవాడు నవ్వుతూ.

వయసులో ఉండగా ఆయన మూడు వేసవులు ఐర్లండ్ పల్లెల గుండా సైకిల్ మీద తిరిగాడు. వేసవికొక నోట్‌బుక్ రాసుకున్నాడు. పాల కేంద్రం దగ్గర ఎడమకు తిరగాలి. వంతెన దాటాక రాళ్ల దారి. ఫలానా ఇంట్లో టీ ఇచ్చారు, వాళ్ల కుక్క మంచిది కాదు. అంతా నీలం సిరాతో. ఎత్తు వచ్చిన చోట మాత్రం మార్జిన్‌లో పెన్సిల్‌తో పైకి ఒక బాణం. ఒక బాణమైతే మామూలు ఎత్తు. రెండైతే కష్టం. మూడైతే దిగి నడవాల్సిందే. చూపు పోయాక నోరా అవి చదివి వినిపిస్తుంటే ఆయన గరాజ్‌లో తొక్కుతూ మళ్లీ ఆ దారులు తిరిగేవాడట. ఆవిడ పోయాక చదివేవాళ్లు లేరు.

ఆ పని నాకు వచ్చింది. రోజూ మధ్యాహ్నం మూడింటికి, వాళ్ల మాటల్లో చెప్పాలంటే ఆర్వోలో, నేను ముక్కాలి పీట మీద కూర్చుని చదివేదాన్ని. బాణం రాగానే స్టాండుకున్న మర బిగించాలి. బిగిస్తే తొక్కడం బరువవుతుంది. మూడు బాణాలకు మూడు చుట్లు. దిగుడు వచ్చినప్పుడు మర వదిలేస్తే రెండు కాళ్లూ పైకెత్తి కేక పెట్టేవాడు. అలా నేను చూడని దేశంలో కెర్రీ నుంచి క్లేర్ దాకా ప్రతి మలుపూ నాకు కంఠతా వచ్చేసింది.

ఆయన నాకేమిచ్చాడో ముందు చెప్పాలి. లేకపోతే నేను చేసింది ఎంత పనో మీకు తెలియదు. నేను మాట వెతుక్కుంటుంటే తొక్కడం ఆపి మరీ ఎదురుచూసేవాడు, ఒక్కసారి కూడా తాను అందించేవాడు కాదు. నా ఇంగ్లీషు అలా వచ్చింది. గోడకు తగిలించిన నోరా సైకిల్ దింపించి, సీటు తగ్గించి నన్ను రోడ్డెక్కమన్నాడు. చిన్నప్పుడు కాలవ గట్టు మీద అవనిగడ్డ కాలేజీకి సైకిల్ మీదే వెళ్లేదాన్ని. పెళ్లితో అది అటకెక్కింది. మా దివిసీమలో కొండంటే కాలవ గట్టే కాబట్టి గేర్లెందుకో నాకు తెలియదు. ఆయన గేటు దగ్గర నిలబడి గొలుసు చప్పుడు విని, ఇప్పుడు మార్చు, ఇప్పుడు వద్దు అని అరిచేవాడు. కళ్లు లేని మనిషి నాకు దారి నేర్పాడు. తనే లైబ్రరీకి ఫోన్ చేసి నా గురించి చెబితే, ఉద్యోగాలు కరువైన ఆ రోజుల్లో పుస్తకాలు సర్దే పని దొరికింది. ఆ లైబ్రరీలోనే ఇరవై ఆరేళ్లు పనిచేశాను. ఇవాళ నా కాళ్ల మీద నేను నిలబడ్డానంటే అది ఆయన చలవే. ఇందులో ఒక్క ముక్క ఎక్కువ చెప్పడం లేదు.

రెండు నోట్‌బుక్కులు అయిపోయాయి. మూడోదాన్ని ఆయన దాచి ఉంచాడు. "అందులో నోరా ఉంది. సిగ్గుపడి తను ఇది మాత్రం చదివేది కాదు," అన్నాడు. ఆ వేసవిలోనే, ఐర్లండ్‌లో మేయో అనే జిల్లా దారిలో ఆమె పరిచయమైందట. చేతిరాత మరీ గజిబిజిగా ఉంటుంది, తడబడకుండా ముందు ఇంట్లో ఒకసారి చదువుకుని రా అని నా చేతికిచ్చాడు.

అది జనవరి, అక్కడ మండువేసవి. క్వీన్స్‌లాండ్ పచ్చిమామిడికాయలు వచ్చాయని తెలిసి నేను ఆవకాయకు దిగాను. ఆరు వేల మైళ్లు వచ్చినా ఆవకాయ మానం కదా. ఒక చేత్తో జాడీలో నూనె పోస్తూ, కౌంటర్ మీద తెరిచిన నోట్‌బుక్ చదువుతున్నాను. రెండు పేజీలు చదివానంతే. ఒక చర్చి గోడ పక్కన ఒకమ్మాయి సైకిల్ పంక్చరైంది. ఈయన ప్యాచ్ వేశాడు. ఇంత వికారమైన ప్యాచ్ నేనెక్కడా చూడలేదు అందా అమ్మాయి. అక్కడ నాకు నవ్వొచ్చింది. మోచేయి జాడీకి తగిలింది. ఎర్రటి నూనె నోట్‌బుక్ నిండా.

అక్కడితో వదిలేసినా సగం దక్కేది. నూనె మరక అంటే మనకు తెలిసిన వైద్యం శెనగపిండే కదా. పేజీ పేజీకీ పిండి చల్లి అద్దాను. నూనె చాలావరకు పీల్చింది. అప్పుడైనా ఆగానా? పిండి అంటుకుపోయింది, మిరప ఎరుపు పోలేదు అని తడిగుడ్డ తెచ్చి తుడిచాను. నూనెకు చెక్కుచెదరని సిరా నీళ్లకు లేచి వచ్చేసింది. గుడ్డంతా నీలం. ఒక పేజీ అలా అయ్యాక కూడా రెండోది తుడిచాను, మూడోది తుడిచాను, అలా చివరిదాకా తుడిచాను. ఎందుకు? ఈ పేజీ అయినా బాగుపడుతుందని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

సాయంత్రం మా ఆయన వచ్చి వంటిల్లు చూశాడు.

"ఏంటోయ్, కిచెనంతా శెనగపిండే! బజ్జీలు గానీ వేస్తున్నావా?"

అవునన్నాను. అన్నాక వేయక తప్పదు కదా, వేశాను. మొదటి అబద్ధం అలా బజ్జీలతో మొదలైంది.

మర్నాడు మిస్టర్ డోలన్‌కు నిజం చెప్పేద్దామనే బయల్దేరాను. రాత్రంతా మాటలు కూర్చుకున్నాను. గరాజ్ తలుపు తీసేసరికి ఆయన టోపీ పెట్టుకుని, బూట్లు తుడుచుకుని, సైకిల్ మీద సిద్ధంగా ఉన్నాడు. గడ్డం కూడా గీసుకున్నాడు. నోరాను చూడబోతున్నాడు మరి. పీట మీద కూర్చుని, ఎండి అట్టలు కట్టిన నోట్‌బుక్ ఒళ్లో పెట్టుకుని, నాకు గుర్తున్న రెండు పేజీలు చెప్పాను. ప్యాచ్ దగ్గర పగలబడి నవ్వాడు. ఆ నవ్వు విన్నాక ఇక ఆపలేకపోయాను.

మర్నాటి నుంచి దారి నేనే వేశాను. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాకు తెలిసిన దారి ఒక్కటే, మా కాలవ గట్టు. అదే తెచ్చి మేయోలో పరిచాను. ఎడమ పక్కన కాలవ, కుడి పక్కన పొలాలు. వాళ్లిద్దర్నీ సైకిళ్లతో సహా పంటు పడవ ఎక్కించి ఏరు దాటించాను. ఐదొందల బాతులు రోడ్డుకు అడ్డం వచ్చాయని, వెనక కర్ర పట్టుకుని వాటి మనిషి వచ్చాడని చెప్పాను. "మేయోలో బాతులా?" అని తొక్కడం ఆపి ఆశ్చర్యపోయాడు. తర్వాత తనే సర్దుకున్నాడు. "ఉండే ఉంటాయిలే, నోరా పక్కనుంటే నాకు బాతులేం గుర్తుంటాయి," అన్నాడు. నేనూ నవ్వాను. సిగ్గు లేకుండా నవ్వాను.

ఐదో రోజు ఆయన తొక్కుతూ తొక్కుతూ నెమ్మదించాడు. అప్పుడు మా మధ్య నడిచిన మాటలు ఇంగ్లీషువే. ఇన్నేళ్లుగా లోపల తిప్పుకుని తిప్పుకుని ఇప్పుడు నాకు తెలుగులోనే వినిపిస్తున్నాయి.

"అమ్మాయ్, కొండ ఇంకా రాలేదేం?"

"ఏ కొండ అంకుల్?"

"పెద్ద కొండ. దిగి నడిచాం. తన సైకిల్, నా సైకిల్ రెండూ నేనే తోశాను. పైకెక్కాక ఊపిరాడక రొప్పుతూ అక్కడే అడిగాను, నన్ను పెళ్లి చేసుకుంటావా అని. ఇవాళో నిన్నో రావాలే. సరిగ్గా చూడు."

చూశాను. అప్పటిదాకా ఆ పేజీలను నేను నిజంగా చూడనే లేదు, చూసినట్టు నటించాను. సిరా లేదు. కానీ పెన్సిల్ నీళ్లకు పోదు. నా బొటనవేలి పక్కనే, మార్జిన్‌లో, ఒకదాని మీద ఒకటి మూడు బాణాలు.

"లేదు అంకుల్," అన్నాను.

"కొండ లేదా? నేను రాసుకోకుండా ఉంటానా?"

"లేదు. ఇక్కడ రాయలేదు."

ఆయన కాళ్లు ఆగిపోయాయి. చక్రం తనంతట తనే కాసేపు తిరిగి ఆగింది. "నా కాళ్లకు గుర్తుంది మరి," అన్నాడు మెల్లగా. ఆ తర్వాత, "కళ్లయ్యాయి. ఇప్పుడిది కూడా పోతున్నట్టుంది," అని వేలితో కణత మీద తట్టుకున్నాడు.

ఎందుకలా అన్నాను? భయమా? ఆయన తిట్టే మనిషి కాదే. ఆవకాయ కథ చెబితే బాధపడేవాడు, రెండు రోజులకు తనే దాని మీద జోకు వేసేవాడు. ఉందని ఒప్పుకుంటే పంటు, బాతులు, కాలవ అన్నీ బయటపడతాయి. ఆ దేశంలో నన్ను మంచిదాన్ని అనుకునే మనిషి అప్పటికి ఆయనొక్కడే. ఆ ఒక్క మనిషి దగ్గర మంచిదానిగా మిగలడం కోసం ఆయన జ్ఞాపకాన్ని అబద్ధం చేశాను. ఇంతకంటే గౌరవమైన కారణం కోసం చాలా ఏళ్లు వెతికాను. దొరకలేదు.

పెర్త్ కూతురు ఎప్పటినుంచో వచ్చెయ్యమంటోంది. కళ్లు లేకపోతేనేం, బుర్ర గట్టిగా ఉంది, నా ఇల్లు నా చేతులకు తెలుసు అని ఆయన మొండికేసేవాడు. ఆ ఆదివారం ఫోన్‌లో సరేనన్నాడట. "పెళ్లికి అడిగిన చోటే మర్చిపోయినవాణ్ని, రేపు పొయ్యి ఆపడం మర్చిపోనని ఏముంది?" అన్నాడు నాతో. మూడు వారాలు సామాను సర్దాం. మూడు వారాలు. ప్రతి పెట్టెకూ టేపు అంటించేటప్పుడు చెప్పొచ్చు. టీ తాగేటప్పుడు చెప్పొచ్చు. నోరు తెరిచినప్పుడల్లా ఈ పెట్టె ఎక్కడ పెట్టమంటారు అంకుల్ అనే మాటే వచ్చింది.

వెళ్లేటప్పుడు నోరా సైకిల్ నాకిచ్చాడు. మూడు నోట్‌బుక్కులూ ఇచ్చాడు. "నేను చదవలేను, మా అమ్మాయి చదవదు. నువ్వే వీటిని బాగా చదివావు," అన్నాడు.

రెండేళ్లకు కూతురి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. నాన్న పోయాడని. మతిమరుపు మొదలైందని చివరిదాకా చెప్పుకునేవాడట, కానీ డాక్టర్లు చూస్తే అలాంటిదేమీ కనిపించలేదట. "ఆయన తప్పుగా గుర్తు చేసుకున్నా విసుక్కోకుండా చదివి వినిపించారట, మీకు మేము ఋణపడి ఉన్నాం," అని రాసింది. ఆ ఉత్తరానికి నేను జవాబు రాయలేదు. ఏమని రాయను?

ఆ సైకిల్ మీద చాలా తిరిగాను. డాండెనాంగ్ కొండలు ఎక్కాను. పిల్లలిద్దరికీ దాని మీదే నేర్పాను, గొలుసు చప్పుడు విని గేర్లు చెబుతూ. ఎత్తు వచ్చిన ప్రతిసారీ ఆయనకు కృతజ్ఞత చెప్పుకుంటాను, ఆ వెంటే నేనన్న "లేదు" గుర్తొస్తుంది. రెండూ విడివిడిగా ఎప్పుడూ రాలేదు. ఆయన బతికి ఉంటే క్షమించేవాడని మీరు అనొచ్చు. క్షమించేవాడే. అందుకే ఆ మాట నేను వాడుకోను.

మూడో నోట్‌బుక్ ఇది రాస్తున్న బల్ల మీదే ఉంది. ముప్పై ఏళ్లయినా విప్పితే సన్నగా ఆవపిండి వాసన. కాగితాలు ఎర్రగా, నూనెకు మెరుస్తూ ఉన్నాయి. ఒక్క అక్షరం లేదు. పెన్సిల్ మాత్రం అలాగే ఉంది.

కొండ ఉంది అంకుల్. మూడు బాణాల కొండ. మీ కాళ్లకు గుర్తున్నదే నిజం.

ఈ మాట చెప్పడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది.