అంటుకత్తి

గుడివాడ బస్టాండు ఎదుట బత్తాయి రసం బండివాడు తొక్క ఒలుస్తుంటే వచ్చే ఘాటు వాసన నాకు పడదు. నేను పాఠాలు చెప్పే కాలేజీ నుంచి వస్తూ ఆ బండి దాటేటప్పుడు నడక పెంచుతాను. ఆ వాసనతో పాటే మా బాటనీ మాస్టారు సీతారామయ్యగారు గుర్తొస్తారు. బందరులో కాలేజీ వెనక తోటలో ముక్కాలిపీట మీద కూర్చుని, నిమ్మమొక్క బెరడు చీల్చి, అందులో బత్తాయి కన్ను, అంటే చిగురుమొగ్గ, పొదుగుతూ ఉండేవారు. మాస్టారి హస్తవాసి బందరంతా ప్రసిద్ధి. ఆయన అంటు కడితే బతకని మొక్క లేదు. డిగ్రీ ఆఖరి ఏడాది పిల్లలందరికీ తలా ఒక బత్తాయి అంటు ఇచ్చి పంపేవారు. తొంభైల చివర మా బ్యాచికీ ఇచ్చారు. మొవ్వలో మా ఇంటి పెరట్లో నాన్న దాన్ని దిష్టి తగలకుండా తడిక కట్టి మరీ పెంచాడు.

మొక్కలకి రోగం తెచ్చే వైరాయిడ్ల పాఠం ఆయన చెప్పిన తీరు ఇప్పటికీ నా గొంతులోంచే వస్తుంటుంది. "వైరస్‌కి పైన ప్రోటీన్ చొక్కా అయినా ఉంటుందమ్మా. దీనికి అదీ లేదు. ఒంటిమీద గుడ్డ లేని చిన్న ఆర్‌ఎన్‌ఏ ఉంగరం. పనంతా మొక్క చేతే చేయించుకుంటుంది, కొత్తల్లుడల్లే!" అని నవ్వించేవారు. వాటి వర్గీకరణ అప్పుడప్పుడే స్థిరపడుతోంది. "ఇంటిపేరు తెలియాలంటే కాపురం ఎక్కడో అడగండి. కేంద్రకంలో పెరిగేవి ఒక కుటుంబం, హరితరేణువుల్లో పెరిగేవి ఇంకో కుటుంబం. రెండోవాటికి తమను తామే కోసుకునే విద్య తెలుసు. మొదటివాటికి ఆ కోతపని మొక్క ఎంజైములే చేసిపెట్టాలి," అనేవారు. బత్తాయిని గిడసబార్చి, మొదలు దగ్గర బెరడు పొలుసులుగా ఊడగొట్టేది మొదటి కుటుంబంలోదే. అది ఎలా వ్యాపిస్తుందన్నది ఒక మార్కు ప్రశ్న. జవాబు, కోసే కత్తి. ఆ పాఠం చెప్పి తోటలోకి వెళ్ళి, అదే కత్తిని స్పిరిట్ దూదితో శుభ్రంగా తుడిచి, చెట్టు తర్వాత చెట్టు కోసేవారు. స్పిరిట్‌కి వైరాయిడ్ లొంగదనీ, బ్లీచింగ్ ద్రావణంలో ముంచాలనీ మా పుస్తకంలో లేదు.

నేను రీసెర్చిలో చేరాక ఒక సెలవుకి మొవ్వ వెళ్తే, మా బత్తాయి ఏళ్ళు గడిచినా నా నడుమెత్తు దాటలేదు. మొదలు దగ్గర బెరడు పొలుసులు లేచి ఉంది. "మీ మాస్టారి చెట్టుకి ఏంటే ఈ గజ్జి?" అంది అమ్మ. ఆకులూ బెరడూ పట్టుకెళ్ళి మా ల్యాబులో పరీక్ష చేయించాను. వైరాయిడే. ఆ రిపోర్టు ఆరునెలలు నా బీరువాలో చీరల కింద ఉంది. మాస్టారికి భార్య పోయి అప్పటికి ఏడాది కాలేదు. రిటైరయ్యారు. ఆ అంట్లు తప్ప ఆయనకి వేరే లోకం లేదు. ఆయన మీద జాలి అని నాకు నేను చెప్పుకున్నాను గానీ, నిజానికి అది పిరికితనం.

చివరికి బందరు వెళ్ళాను. వెళ్ళేముందు రిపోర్టు పై అంచు, తేదీ ఉన్న ముక్క, చించేశాను. మాస్టారు కాగితం రెండుసార్లు చదివారు. కత్తి తీసి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు.

"అంటు కడుతున్నాననుకున్నానమ్మా. అంటించాను," అన్నారు. "మొన్న వానల్లో దివిసీమలో అవనిగడ్డ వైపు పిల్లలకి పాతిక మొక్కలిచ్చాను. నీకెప్పుడు తెలిసింది?"

"నిన్ననేనండీ," అన్నాను.

మర్నాటి నుంచి ఆయన బస్సులెక్కారు. నందివాడ, బంటుమిల్లి, దివిసీమలో రోడ్డున్న ఊళ్ళన్నీ. మొక్క ఇచ్చిన ప్రతి ఇంటికీ వెళ్ళి, రోగం తనే తెచ్చానని చెప్పి, చెట్టు కొట్టి తగలబెట్టమని చేతులు జోడించేవారు. బంటుమిల్లికి నేనూ వెళ్ళాను. ఆ ఇంటి అమ్మాయి నాకన్నా చిన్న బ్యాచి. వాళ్ళమ్మ ఒప్పుకోలేదు.

"మీ చేత్తో ఇచ్చిన చెట్టండీ మాస్టారూ. కాయకపోతే మానె, ఉండనివ్వండి."

"వద్దమ్మా. దీన్ని కోసిన కత్తి రేపు పక్కింటి నిమ్మచెట్టుకి తగిలితే అదీ పోతుంది," అన్నారాయన. గొడ్డలి తనే అందుకుని రెండు దెబ్బలు వేసి, ఆయాసపడి అరుగు మీద కూలబడ్డారు. మిగతాది నేను కొట్టాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంటుంటే మాస్టారు నన్ను చూపించారు.

"ఈ అమ్మాయి నా శిష్యురాలమ్మా. నిన్న తెలిస్తే ఇవాళ వచ్చి మొహం మీదే చెప్పింది. నేను బాధపడతానని దాచలేదు. అదీ చదువంటే!"

ఆవిడ నాకు మజ్జిగ ఇచ్చింది. తాగాను.

ప్రతి ఊళ్ళోనూ ఆయన ఈ మాట చెప్పారని తర్వాత తెలిసింది. ఆ మరుసటి ఏడే మాస్టారు పోయారు. సంతాపసభలో నన్ను మాట్లాడమన్నప్పుడు ముందు వరసలో దివిసీమ పిల్లలు కూర్చుని ఉన్నారు. ఆ వానాకాలం మొక్కలు అందుకున్నవాళ్ళే. నేను పిరికితనం మానుకుని ఆర్నెల్ల ముందు బందరు బస్సెక్కి ఉంటే వాళ్ళ పెరళ్ళకి ఆ రోగం వెళ్ళేది కాదు. అధ్యక్షులు నన్ను పిలుస్తూ, నిజం ఒక్కరోజు కూడా దాచని శిష్యురాలని పరిచయం చేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మైకు ముందుకెళ్ళి, అందరికీ నమస్కారం అని మొదలుపెట్టాను.