గురమ్మక్క చెప్పిన జబ్బు

మా వీధిలో గురమ్మక్కను మోసం చేసే మొనగాడు ఇంకా పుట్టలేదు. ఆమె ఎవరినీ నమ్మదు మరి. పాలు పోస్తుంటే చెంబులో వేలు ముంచి చూస్తుంది. మంత్రాలయం పోతే, చెప్పుల స్టాండువాడిని నమ్మలేక ఇంటి నుంచే వట్టికాళ్ళతో బయలుదేరుతుంది. ఎమ్మిగనూరులో మా రెండిళ్ళకూ ఒకటే గోడ. ఇటు నేను జాకెట్లు కుడతాను, అటు వాళ్ళు చీరలు నేస్తారు.

గురమ్మక్కకు చిన్నప్పుడే బడి మాన్పించి పెళ్లి చేశారు. ఆ కోపం ఆమెకు ఇప్పటికీ చల్లారలేదు. కూతురు యామినికి ఆ గతి పట్టకూడదని పంతం. యామిని పదో తరగతికే గడప దాటేటప్పుడు తల వంచాల్సినంత ఎత్తు పెరిగింది. బడిలో బాస్కెట్‌బాల్ ఆడుతుంది. పిల్ల ఏపుగా ఎదిగితే చూసేవాళ్ళ కళ్ళు ఊరుకుంటాయా? మా వైపు సంబంధం అడగడానికి మొదటే పెద్దమనుషులు దిగరు. మగ్గం చూస్తామనో, చీర కావాలనో ఎవరో ఇద్దరు వచ్చి ఇంటి ఆరా తీసి పోతారు. అలాంటి వాళ్ళందరికీ గురమ్మక్క ఒకటే మాట చెప్పి తరిమేది. పిల్ల తండ్రికి గుండె జబ్బు, అది వంశంలోనే ఉంది అని. నిజానికి ఆమె మొగుడు కాశన్న గుండ్రాయిలా ఉంటాడు.

మొన్న వేసవిలో యామిని ఇంట్లో లేనప్పుడు ఒకాయన, ఒకామె కారు దిగారు. కర్నూలులో ఒక ప్రైవేటు కాలేజీకి కోచ్‌నని, పేరు యేసుప్రసాద్ అని ఆయన చెప్పాడు. యామిని ఆట చూశారట. హాస్టలు, చదువు అంతా ఊరికేనట.

"ఊరికే ఎవరు సదివిస్తారే?" అని గురమ్మక్క నా చెవిలో గొణిగింది. నాకూ అనుమానమే వచ్చింది.

కూడా వచ్చినామె మగ్గం చూస్తానంది. ఇంక చెప్పాలా! గురమ్మక్క నన్ను మోచేత్తో పొడిచింది. కోచ్ ఒక్కొక్కటే అడిగాడు. మీ ఎత్తెంత? మేనత్తలు పొడుగా? ఇంట్లో ఎవరైనా చదువుకున్నారా? పిల్లకు పెళ్లి ఎప్పుడు చేస్తారు? చివరికి, ఇంట్లో జబ్బులేమైనా ఉన్నాయా అన్నాడు.

"ఉండాది సార్. వాళ్ళ నాయనకు గుండె జబ్బు. వాళ్ళ తాతా దాంతోనే పాయె."

లోపల కాశన్న మగ్గం దడదడలాడిస్తూనే ఉన్నాడు. వాళ్ళిద్దరూ మొహాలు చూసుకుని లేచారు. మంచినీళ్ళు కూడా ముట్టలేదు. సంబంధం తప్పిపోయిందని గురమ్మక్క సంబరపడింది.

సాయంత్రం యామిని వచ్చి విని, గోడకు జారగిలబడి ఏడ్చింది. "వాళ్ళు నిజంగానే కోచ్‌లు మా! గ్రౌండ్‌లో నాతో మాట్లాడినారు. ఇంటికొచ్చి చూసి సీటిస్తామన్నారు."

"నాకెందుకు చెప్పల్యా?"

"చెప్తే నమ్ముతావా నువ్వు?"

తెల్లవారి ముగ్గురం కర్నూలు బస్సెక్కాం. కాలేజీలో యామిని గది బయట ఆగిపోయింది. మేము లోపలికి పోయి కోచ్‌కు ఉన్నదంతా చెప్పాం. ఆయన మొహంలో నవ్వు లేదు.

"నిన్న జబ్బు ఉందంటిరి. ఈరోజు లేదంటిరి. ఏది నమ్మాల?"

"డాక్టరుకు చూపిచ్చండి సార్."

"డాక్టరు గుండె చూస్తాడు, మీ మాట చూడడు గదమ్మా. ఆడపిల్లకు రెండేండ్లు నేర్పిచ్చినాక పెండ్లని తీసుకపోతాండారు. అందుకే ఇల్లు చూసి తీసుకుంటాం. ఆ సీటు ఒక లెక్చరర్ కూతురికి ఇచ్చేసినాం. వాళ్ళమ్మ కూడా ఆడిన మనిషే."

ఒక్క రాత్రిలో ఇచ్చేశారా? ముందే ఆ పిల్లకని అనుకుని, ఈ ఇంటికి వంక వెతకడానికే వచ్చారా? నాకు ఒళ్ళు మండింది. అడగబోతే గురమ్మక్క నా చెయ్యి పట్టుకుంది.

"మా పాప ఆట ఎట్లుండాది సార్?"

"ఆటకేం, శానా బాగుండాది. మీ ఇంటి మీదే నాకు నమ్మకం లేదు."

ఎవరినీ నమ్మని మనిషిని మొహం మీదే నమ్మనన్నాడు. గురమ్మక్క తెల్లబోయింది. తర్వాత చేతులు జోడించింది.

"దానికి ఇల్లే లేదనుకో సార్. నేను చచ్చినాననుకో. పండగకూ పిలవను, చూడనీకీ రాను. అప్పుడన్నా తీసుకుంటావా?"

ఆయన తల దించుకున్నాడు. సీటు మాత్రం లేదన్నాడు.

గది వాకిట్లో నిలబడి యామిని అంతా వింది. తల వంచి లోపలికి వచ్చి, తల్లి జోడించిన చేతులను మెల్లగా విడదీసింది.

"పోదాం పా మా," అంది. "నువ్వు లేకుండా నాకే సీటూ వద్దు."