గొంగడి కింద మా నాన్న

మా ఆఫీసు సెల్లారులో నెలకోసారి జనరేటరు నడిపి చూస్తారు. ఆ కాసేపూ డీజిల్ వాసన మెట్లదారి గుండా పైకెక్కి, ఏసీ చలికి శాలువాలు కప్పుకుని కూర్చున్న మా అందరి ముక్కులకూ తగులుతుంది. పక్కసీట్ల వాళ్ళు చిరాకుపడతారు. నేను మాత్రం పిచ్చిదాన్ననుకున్నా సరేనని గట్టిగా పీలుస్తాను. ఆ వాసన నన్ను కొత్తగూడలో మేమున్న ఇంటి డాబా మీదికి, రాష్ట్రం విడిపోయాక వచ్చిన మొదటి చలికాలంలోకి తీసుకుపోతుంది.

అప్పుడు నేను ఏడో తరగతి. ఆ ఏడు కరెంటు పొద్దున పోయేది, మధ్యాహ్నం పోయేది, సరిగ్గా దీపాలు పెట్టే వేళకి మళ్ళీ పోయేది. పోగానే పిల్లలమంతా డాబా ఎక్కేవాళ్ళం. మా గల్లీలో గుడ్డిదీపమైనా లేనప్పుడు హైటెక్ సిటీ అద్దాల మేడలు మాత్రం జనరేటర్ల హోరుతో ధగధగలాడుతుండేవి. గాలి అటునుంచి వీస్తే డీజిల్ వాసన, ఇటు తిరిగితే పెరట్లో నీళ్ళ కాగు కింద మండే కట్టెల వాసన, ఎవరింట్లోనో సర్వపిండి అడుగంటిన వాసన, క్రిస్మస్ దగ్గరపడితే మా అమ్మ కొవ్వొత్తి వెలుగులో వేయించే గులాబీ పువ్వుల వాసన, అన్నీ కలగలిసి మా తలల మీదుగా పోయేవి. బాల్కనీలో కట్టిన కాగితపు నక్షత్రం కరెంటున్నప్పుడే నక్షత్రం, లేనప్పుడు ఉత్త అట్టముక్క. ఏ గల్లీకి ముందు వెలుగొస్తుందోనని పందేలు కాసుకునేవాళ్ళం. వచ్చిందంటే ఇళ్ళన్నీ ఒక్క గొంతుతో 'ఓ' అని అరిచేవి, ఆ అరుపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

మేము పైవాటాలో కిరాయికి ఉండేవాళ్ళం. అమ్మ నర్సు. నాన్న భీమవరం వైపు నుంచి వచ్చిన సర్కారు గుమాస్తా, తనను ఏ రాష్ట్రానికి వేస్తారో తెలియక ఆ ఏడంతా గోళ్ళు కొరుక్కుంటూ గడిపాడు. కింది వాటాలో ఇంటాయన నర్సింహ తాత, ఆయన భార్య, కాన్పుకొచ్చిన కూతురు స్వప్నక్క. ఒకరోజు కరెంటు పోగానే మెట్ల దగ్గర తాత, "మీవోళ్ళే ఆపిన్రు సారూ కరెంటు," అన్నాడు. నాన్న ఊరుకోవచ్చు కదా! "విడిపోతామని పట్టుబట్టింది మీరే కదండీ, అనుభవించండి మరి," అనేశాడు. ఎవరిది న్యాయమో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. ఆనాటి నుంచి ఇద్దరూ ఎదురుపడితే ఒకరు గోడ చూసేవారు, ఇంకొకరు ఆకాశం చూసేవారు.

అలాంటి రోజుల్లో స్వప్నక్కకు నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. కొన్నాళ్ళు దవాఖానలో గాజుపెట్టెలో ఉంచి ఇంటికి పంపారు. గూట్లోంచి జారిపడ్డ పిచ్చుకపిల్లలా ఉండేది. ఒళ్ళు చల్లబడితే పాలు తాగే ఓపిక కూడా పోతుందని, అప్పుడిక దక్కదని డాక్టరు గట్టిగా చెప్పి పంపింది. తాత హీటరు తెచ్చాడు, మంచం పక్కన పెద్ద బల్బు వేలాడదీశాడు. కరెంటు పోతే రెండూ దండగే. వేడినీళ్ళ సీసా పెడదామంటే అమ్మ ఒప్పుకోలేదు. "లేత చర్మం కాలిపోద్దండి. మనిషి ఒంటికి మించిన వేడి లేదు," అని, పిల్లకు టోపీ, మేజోళ్ళు, లంగోటీ మాత్రం ఉంచి, గుండెల మధ్య నిలువుగా ఒంటికి ఆనించుకుని పాత చీరతో ఎలా చుట్టుకోవాలో చూపించింది.

ఇక కరెంటు పోయిందంటే వంతులే. స్వప్నక్క, వాళ్ళమ్మ, మా అమ్మ, పక్కింటి ఇల్లాలు, శుభ్రంగా చేతులు కడుక్కుని ఒకరి తర్వాత ఒకరు ఆ పిల్లను గుండెకు కట్టుకునేవాళ్ళు. నాకు ఆ చలికాలమంతా ముక్కు కారుతూనే ఉంది. అందుకని నన్ను గుమ్మం దాటనిచ్చేవాళ్ళు కాదు. నా వంతెప్పుడని రోజూ అడిగేదాన్ని, రోజూ తిట్లు తినేదాన్ని.

ఒక పొద్దున మంచు ఇంకా విడవకముందే కరెంటు పోయింది. స్వప్నక్క చలిజ్వరంతో వణుకుతోంది, వాళ్ళమ్మకు దగ్గు, అమ్మ డ్యూటీలో ఉంది, పక్కింటికి తాళం. స్వప్నక్క భర్త దుబాయిలో. తాతకు చూస్తే చేతులు వణికే జబ్బు. ఆ తగువు తర్వాత మొదటిసారి ఆయన మా మెట్లెక్కి వచ్చాడు.

"సారూ, పిల్ల పాదాలు సల్లవడ్డయ్. పాలు గుంజుతలేదు. జర రా సారూ."

నాన్న కంగారుగా అమ్మకు ఫోన్ చేశాడు. అమ్మ గొంతు నాకూ వినబడింది. "చొక్కా, బనీనూ విప్పి పిల్లని గుండెకి హత్తుకోండి. సిగ్గుపడతా కూర్చోకండి!"

పెరట్లో స్నానం చేసినా భుజాల మీద తువ్వాలు తీయని మనిషి మా నాన్న. ఆ మనిషి కింది వాటాలో, నలుగురి ముందు, వట్టి ఛాతీతో కుర్చీలో కూర్చుని ఆ పిల్లను రెండు చేతులా గుండెకు హత్తుకున్నాడు. తాత పెట్టె తెరిచి, ఉద్యమం రోజుల్లో తాను భుజాన వేసుకుని ఊరేగిన నల్ల గొంగడి తెచ్చి ఇద్దరినీ కలిపి కప్పాడు. గుమ్మంలో నిలబడ్డ నేను ప్రార్థనలన్నీ మర్చిపోయి 'ప్రభువా, ప్రభువా' అని మాత్రం అనుకుంటున్నాను. తాత ఉండుండి గొంగడి లోపలికి చెయ్యిపెట్టి పాదం తాకి చూస్తున్నాడు.

చాలాసేపటికి నాన్న, "కదిలిందండి," అన్నాడు.

ఇంకాసేపటికి సన్నటి చప్పుడు. పిల్ల నోటితో నాన్న ఛాతీ మీద పాల కోసం వెతుకుతోంది.

"నా దగ్గరేముందే తల్లీ!" అన్నాడు నాన్న బిక్కమొహం వేసి.

తాత ఫక్కున నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. స్వప్నక్క మంచం మీద లేచి కూర్చుని చేతులు చాచింది. అన్ని జనరేటర్లున్న ఆ మేడలన్నీ కలిసినా ఇవ్వలేనిది మా నాన్న బక్క ఛాతీలో ఉందని చూసి నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను. ఆ ఆశ్చర్యం ఇన్నేళ్ళయినా నాలో తగ్గలేదు.

ఆ తర్వాత నాన్నకూ ఒక వంతు ఖాయమైంది. తాతా ఆయనా కరెంటు గురించి తగువులాడుకోవడం మాత్రం మానలేదు. కాకపోతే పిల్ల లేస్తుందని గుసగుసగా తగువులాడుకునేవారు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, అక్కడ అపార్టుమెంటు లేచింది. ఇంటింటికీ ఇన్వర్టరు, కరెంటు పోయినా ఎవరికీ తెలియదు, 'ఓ' అని అరిచేవాళ్ళూ లేరు. నర్సింహ తాత లేడు. స్వప్నక్క వాళ్ళు ఖాజాగూడ మారిపోయారు. మొన్న క్రిస్మస్‌కు ముందురోజు మా ఇంటికొచ్చారు. ఆనాటి పిచ్చుకపిల్ల శ్రీజ నా భుజం దాకా ఎదిగింది. వాళ్ళమ్మ స్వెట్టర్ పట్టుకుని వెంటపడుతోంది.

"దీనికి సలే తెల్వదు సారూ. ఏసింది ఏసినట్టే గుంజి పడేస్తది."

"మనమే కాస్త ఎక్కువ వెచ్చబెట్టామేమోనమ్మా," అన్నాడు నాన్న.

నేను అప్పుడే ఆఫీసు నుంచి వచ్చాను. గులాబీ పువ్వుల పళ్ళెం అందిస్తుంటే శ్రీజ చెయ్యి నా చేతికి తగిలింది.

"అక్కా, గిదేంది, నీ చేతులు గింత సల్లగున్నయ్!"

పళ్ళెం పక్కన పెట్టేసి, నా రెండు చేతులూ తన అరచేతుల మధ్య రుద్ది, చాలదనుకుందో ఏమో, తన మెడ కింద పెట్టుకుని గడ్డంతో అదిమి పట్టుకుంది. కణకణలాడే వెచ్చదనం. ఆ చలికాలమంతా గుమ్మంలో నిలబడి నేను ఎదురుచూసిన వంతు ఇన్నాళ్ళకు వచ్చింది. నా ముక్కు మళ్ళీ కారడం మొదలైంది. అయినా చేతులు తీసుకోలేదు.