కుళాయి పిడి

ఉద్యోగం పోయింది. రెండు నెలల జీతం పోయింది. ఒడ్డున యజమాని ఇచ్చిన గుడిసె కూడా పోయింది. సూళ్లూరుపేట నుంచి తిరుపతి వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్న మనిషి వేళ్లు మడుస్తూ ఈ లెక్క చెప్పాడు. పులికాట్ సరస్సులో షికారు లాంచీ నడిపేవాడట.

లాంచీలో మరుగుదొడ్డి, దాని కింద ఇనుప తొట్టి ఉండేవి. తొట్టి నిండితే ఒడ్డుకు తెచ్చి గుంతలో పొయ్యాలని లాంచీకి అనుమతి ఇచ్చినప్పుడే అధికారులు షరతు పెట్టారు. యజమాని మాత్రం నడి సరస్సులోనే తొట్టి అడుగు కుళాయి తిప్పి వదిలెయ్యమన్నాడు. తిప్పనన్నందుకు ఈయన్ని పనిలోంచి తీసేశాడు.

"అంత సరస్సులో ఆ తొట్టెడు ఎంతప్పా?" అన్నాను. నేను అప్పటికే మనసులో భాగహారం చేసేశాను.

"నీళ్లు యాడుండాయబ్బా? ఎండాకాలం నడుం లోతే. ఆడ మా ఆడోళ్లు వంగి చేతుల్తో రొయ్యలు పడతారు. గాలి మళ్లిందంటే ఆ పెంటంతా వాళ్ల మొగాలకే వస్తాది."

ఆయన తువ్వాలు విప్పి, కుళాయి పిడి చూపించాడు.

"ఊడబెరుక్కోని వచ్చినా. ఇంక యా నాకొడుకు తిప్పుతాడో సూస్తా!" అని గట్టిగా నవ్వాడు.

నేను చిత్తూరులో ఇనుప సామాన్ల కొట్టులో పద్దులు రాసేవాణ్ణి. అలాంటి పిడి మా కొట్టులో ఎప్పుడూ అమ్మకానికి ఉండేది. తిరుపతిలో దిగేదాకా ఆయన దాన్ని ఒళ్లోనే పెట్టుకున్నాడు. దాని ధర ఆయనకు చెప్పడానికి నోరు రాలేదు. ఆ మాట ఇప్పటికీ బాకీయే: మూడున్నర రూపాయలు.