ఖర్జూరాల అర్రల సాళ్లు

మా మేస్త్రి పోయిండని మొన్న పొద్దుగాల ఆయన కొడుకు ఫోన్ చేసి చెప్పిండు. నిద్రలనే పాణం పోయిందట. ఫోన్ పెట్టేసి గోడ మీద చెయ్యి ఆనిచ్చి జెరసేపు నిలబడ్డ. ఆ అలవాటు ఆయనదే. ఏ ఇంట్ల పనికి పోయినా ముందుగాల అరచెయ్యి గోడకు పెట్టి, "ఎట్లున్నవే?" అని అడిగేటోడు. మేం నవ్వేటోళ్లం.

తొంభైల మొదట్ల ఒమన్‌ల, బహ్లా అనే ఊర్ల కలిసిన ఆయన్ని. నేను కరీంనగర్ దిక్కు నుంచి కొత్తగ పోయిన తాపీ పనోణ్ని. ఆయన అప్పటికే పాతకాపు. ఖర్జూర తోట నడిమిట్ల ఒక పాత ఇల్లు మరమ్మతుకు దొరికింది. ఎన్ని తరాల నాటిదో! మూరెడు మందం మట్టిగోడలు, ఖర్జూరపు మొద్దుల దూలాలు, పక్కన పసుల కొట్టం, వేరేగ వంటిల్లు, ఒక మూలకు కిటికీ లేని ఖర్జూరాల అర్ర. మేస్త్రి పసుల కొట్టంలకు పోయినా చెప్పులు బయటనే ఇడిసేటోడు. "కట్టినోడు పోయిండు గని, ఆయన పని ఇంకా డ్యూటీ చేస్తుందిరా" అనేటోడు.

ఆ అర్ర నేల సాఫుగ లేకుండె. దున్నిన మడి లెక్క పొడుగునా సాళ్లు. ఖరాబైందనుకున్న. మేస్త్రి జరమొచ్చి రూమ్‌ల పన్న రెండు రోజులల్ల సిమెంటు కలిపి సాళ్లన్నీ పూడ్చి, నేలను నున్నగ చేసిన. శబాష్ అంటరని ఎదురుచూసిన. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

ఇంటి యజమానిని అర్బాబ్ అంటుంటిమి. ఆయన చూసి గడప మీద కూలబడ్డడు. ఖర్జూరం బస్తాలు ఒకదాని మీదొకటి పేరిస్తే బరువుకు, వేడికి పాకం కారి, ఆ సాళ్ల పొంటి మూలకున్న కుండలకు దిగుతదట. ఇంకో వారంల కోతలు. "వీణ్ని ఇంటికి పంపు" అన్నడు కంపెనీ మనిషితోని. నేను వచ్చి ఆరు నెలలు గాలె. ఊర్లె ఏ మొకం పెట్టుకొని తిరగాలె?

మేస్త్రి దుప్పటి కప్పుకొని వచ్చిండు. "అర్బాబ్, గల్తీ నాది. చదును చేయమని నేనే చెప్పిన" అన్నడు ఉర్దూల. పచ్చి అబద్ధం.

"అయితే నువ్వే పో."

"పోత. ముందు సాళ్లు మళ్ల తెస్త. పాకం కుండల పడకపోతే నన్ను పంపు, ఈ తమ్ముణ్ని ఉంచు."

బయటికొచ్చినంక నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయరాదు. ఆఖరుకు, "పాత ఇంట్ల వంకర కనబడితే ముందుగాల అడుగు, ఆనంక తాపీ పట్టు" అన్నడు.

ఉలి, సుత్తె పట్టి సిమెంటు పెచ్చులు పెచ్చులు లేపినం. వాలు ఎటు పోవాల్నో అర్బాబ్ తల్లి, ముసలామె, కట్టెతోని చూపిచ్చింది. మన డంగు సున్నం లెక్క అక్కడొక గచ్చు ఉంటది. దాన్ని వేళ్లతోనే ఒత్తుకుంట సాలు సాలు తీసినం. సున్నానికి వేళ్లు పుండ్లైనయి. మేస్త్రికి జరం తగ్గనే లేదు. "జర కూసో మేస్త్రీ" అంటే, "ఇగ కూసుంటే విమానంలనే" అని నవ్విండు.

బస్తాలు పేర్చిండ్రు. రోజూ డ్యూటీ దిగినంక పోయి కుండల తొంగి చూసుడే. పది రోజులు చుక్క లేదు. మేస్త్రి పెట్టె సర్దుకున్నడు. నాకు బువ్వ సయించలే.

తెల్లారి ముసలామె కేకేసింది. ఉరికినం. సాలు కొసకు నల్లటి పాకం, సన్నగ, కుండలకు దిగుతుంది. అర్బాబ్ వంగి చూసి, "ఎవరు తీసిండ్రు ఈ సాళ్లు?" అన్నడు.

"వీడే" అని మేస్త్రి నన్ను చూపిచ్చిండు.

ఇద్దరం పనిల ఉండిపోయినం. ఆనంక ఆ దేశంల నేను తిన్న ప్రతి ముద్దా ఆయన పెట్టిందే. ఆ మాట ఆయన ముంగట అంటే తిడతడని ఎన్నడూ అనలే.

పాకం దిగిన ఆ పొద్దు అందరూ పోయినంక, ఆయన కుండ పక్కన గొంతుకూసొని, పుండు పడ్డ వేలు పాకం కింద పట్టి నాకిండు. జెర పక్కకు జరిగి నాకు జాగ ఇచ్చిండు.